తురాయికోడి వంశోద్ధరణ

"ఏడాది తిరిగేలోగా తురాయికోడి పిల్లల కిచకిచలు వినని పౌరుడంటూ ఈ దేశంలో మిగలడు! ఇది నా శపథం!" అని వన్యప్రాణి మంత్రిగారు జూ గేటు ముందు నిలబడి ప్రకటించారు.

మంత్రిగారి ప్రెస్‌నోట్లు రాసే ఉద్యోగం నాది. ఆ మాటలోని దూరదృష్టి అప్పటికప్పుడు నా బుర్రకి అందలేదు. అందనివాటిని 'చారిత్రాత్మకం' అని రాయడం మా శాఖలో ఆనవాయితీ కాబట్టి అలాగే రాశాను.

తురాయికోడి అడవుల్లో దాదాపు కనుమరుగైపోయిన పక్షి. మా జూలో ఆరు పెట్టలూ, రెండు పుంజులూ ఉండేవి. పుంజుల్లో ఒకదాన్ని ఏదో మిత్రదేశం కానుకగా పంపింది. నెత్తిన ఎర్రటి తురాయి, విసనకర్రలా విచ్చుకునే తోక, నడకలో దర్జా. దానికి 'యువరాజు' అని స్వయంగా మంత్రిగారే నామకరణం చేశారు. రెండోది ముసలిది. ఒక కన్ను పోయింది, తోకలో సగం ఈకలు రాలిపోయాయి. దానికి పేరు పెట్టడానికి ఏ మంత్రీ రాలేదు. అందరూ ఒంటికన్నోడు అనేవారు.

చిక్కల్లా ఏమిటంటే, ఆరు పెట్టలూ ఒంటికన్నోడి వెనకే తిరిగేవి. యువరాజు తోక విప్పి, మెడ సాచి, గోళ్లు అరిగేలా నాట్యం చేసినా ఒక్కటంటే ఒక్కటి తలెత్తి చూసేది కాదు.

ఇది మంత్రిగారి మనసుకి గుచ్చుకుంది. పార్టీ అధినేతని మేమంతా పెద్దాయన అంటాం. పెద్దాయన త్వరలో మంత్రివర్గాన్ని మారుస్తారనీ, పిల్లల సంగతి తేలకపోతే ఈయన కుర్చీకి నూకలు చెల్లినట్టేననీ గుసగుసలు మొదలయ్యాయి. మంత్రిగారు వెంటనే పక్షుల డాక్టరమ్మని పిలిపించారు. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. కోటు జేబులోంచి జొన్నగింజలు రాలుతూండగా వచ్చి నిలబడింది.

"ఆ ముసలోడిలో ఏం చూశాయమ్మా ఇవి?"

"పెద్దగా ఏమీ లేదు సార్. ముందు ఒక పెట్ట వాడి దగ్గరికెళ్లింది, మిగతావి చూశాయి. ఏ పుంజు మంచిదో సొంతంగా తేల్చుకోవాలంటే బోలెడు టైం పడుతుంది. ఆ తిరగడంలో ఏ నక్క నోటికో చిక్కొచ్చు. అందుకని తోటిది ఎవర్ని ఎంచుకుందో చూసి అటే పోతాయి. కొన్ని చేపలు కూడా అంతే."

"అంటే సొంతంగా ఎవరూ ఆలోచించరా?"

"ఆ మొదటిది ఆలోచించింది సార్."

"దాన్ని సస్పెండ్ చేస్తే?"

"అది కోడి సార్."

మంత్రిగారు నిట్టూర్చారు. "మరి మనవాడి దగ్గరికి మొదటిదాన్ని పంపడం ఎలా?"

డాక్టరమ్మ రాలిన గింజలు ఏరి జేబులో వేసుకుంది. "ఒక దారుంది సార్. దూదితో పెట్టబొమ్మలు కుట్టించి వాడి చుట్టూ పెడితే, అసలువి దూరం నుంచి చూసి, వీడికి గిరాకీ ఉందనుకుని వస్తాయి. అవి రావడం మొదలవగానే బొమ్మల్ని తీసెయ్యాలి. అది మాత్రం మర్చిపోకూడదు."

మంత్రిగారు కుర్చీలోంచి లేచారు. ఆయన కళ్లు చెమర్చాయి. "ఇన్నేళ్లూ మన మీటింగులకి లారీల్లో జనాన్ని తోలి మనం చేసింది సైన్సా అమ్మా!"

బొమ్మలు కుట్టే బాధ్యత మంత్రిగారి బావమరిదికి దక్కింది. ఆయనకి సోఫా దిండ్లు కుట్టే వర్క్‌షాపు ఉంది. ప్రతిభ ఎక్కడున్నా గుర్తించడం మంత్రిగారి గుణం. అది సొంత ఇంట్లో ఉన్నా వెనకాడరు. బొమ్మలు వ్యానులో దిగాయి. కళ్లకి చొక్కా గుండీలు. ఒకదానికి మాత్రం ఒళ్లంతా గులాబీ పూలు.

"గుడ్డ చాల్లేదు బావా. సోఫా ముక్క వేశాను."

"పర్లేదురా. వెరైటీ ఉండాలి."

వారం తిరక్కుండానే సైన్సు ఫలించింది. ఒక అసలు పెట్ట కంచె దాటి, మెడ అటూ ఇటూ తిప్పుకుంటూ యువరాజు ఆవరణలోకి వచ్చింది. మేం తెరచాటు నుంచి చూస్తున్నాం. డాక్టరమ్మ ఆత్రంలో నా చొక్కా చెయ్యి పట్టుకుంది. పెట్ట ఇంకో రెండడుగులు వేసింది. కంచె మీద కూర్చుని మిగతా అయిదూ చూస్తున్నాయి.

యువరాజు గులాబీపూల బొమ్మ ముందు నాట్యంలో ఉన్నాడు. పెట్ట వచ్చి మధ్యలో నిలబడింది. అడ్డంగా ఉందని కాబోలు, యువరాజు దాన్ని ఒక్క పోటు పొడిచి, అవతలికి తరిమి, మళ్లీ బొమ్మ ముందు తోక విప్పాడు. పెట్ట ఈకలు దులుపుకుంటూ వెళ్లిపోయింది. చూస్తున్న అయిదూ దాని వెంటే వెళ్లిపోయాయి.

"బొమ్మల్ని ఇప్పుడే తీసెయ్యాలి సార్," అంది డాక్టరమ్మ. "అసలువైతే కాసేపు చూస్తాయి, నచ్చకపోతే మొహం తిప్పుకుని పోతాయి. వీటికి ఆ బాధ లేదు, ఎంతసేపైనా చూస్తూనే ఉంటాయి. వాడు వీటికి అలవాటు పడిపోయాడు."

మంత్రిగారు చాలాసేపు ఆలోచించారు. "తప్పెవరిదమ్మా? డాన్సు మధ్యలో అడ్డం వచ్చిందెవరు?"

ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది. ఆరు పెట్టల్నీ, ఒంటికన్నోడితో సహా, మేత షెడ్డు వెనక్కి తరలించారు. యువరాజుకి ఇంకో వ్యాను బొమ్మలు వచ్చాయి. 'యువరాజుకు వెల్లువెత్తుతున్న ఆదరణ' అని నేను ప్రెస్‌నోట్ రాశాను. అబద్ధమేమీ కాదు. ఒక కుటుంబం అక్కడ ఆగి చూసింది. వాళ్లు చూస్తున్నారని ఇంకో కుటుంబం ఆగింది. ఆదివారానికల్లా వెనకున్నవాళ్లకి ఏమీ కనబడనంత జనం. ఏమీ కనబడనివాళ్లే ఎక్కువసేపు నిలబడ్డారు.

ఇంతలో కబురొచ్చింది. పిల్లల్ని చూడ్డానికి పెద్దాయన స్వయంగా వస్తున్నారు.

"పిల్లలేవమ్మా?" అన్నారు మంత్రిగారు.

"దూది గుడ్లు పెట్టదు సార్."

మంత్రిగారు మహానుభావులు, ఎదురుదెబ్బలకి కుంగరు. అక్కడికక్కడే ఫోన్ తీశారు. "ఒరేయ్, ఈసారి చిన్న సైజు."

"ఎంత చిన్న బావా?"

"అప్పుడే పుట్టినంత."

తర్వాత కొన్నాళ్లకి డాక్టరమ్మ నా గదికి పరుగెత్తుకొచ్చింది. "అన్నా, ఒక్కసారి రండి," అని మేత షెడ్డు వెనక్కి తీసుకెళ్లింది. గడ్డిలో ఒంటికన్నోడి పిల్లలు. మట్టిరంగులో, తడితడిగా, ఒకదానిమీద ఒకటి పడి కిచకిచలాడుతున్నాయి. ముసలోడు పక్కన నిలబడి, ఉన్న ఒక్క కన్నుతోనే నలుదిక్కులూ కాపు కాస్తున్నాడు. డాక్టరమ్మ ఏడుస్తూ నవ్వుతోంది.

ఆ ఊపులోనే వెళ్లి మంత్రిగారికి చెప్పింది. ఆయన మొహం నల్లబడింది.

"ఆ ముసలోడి పిల్లలా? వాటిని ఎవరు శాంక్షన్ చేశారు?"

"సార్, అడవుల్లో కూడా కనబడటం లేదివి..."

"తండ్రెవరని పేపరువాళ్లడిగితే నేనేం చెప్పాలి? యువరాజు పరువు ఏం కావాలి? మూడో కంటికి తెలియకూడదు."

"సరే సార్. షెడ్డు వెనక చలిగా ఉంది. అక్కణ్ణుంచి తీసుకెళ్లిన బల్బులైనా తిరిగి ఇప్పించండి. వెచ్చదనం లేకపోతే బతకవు."

"బల్బులన్నీ వేదికకి వెళ్లాయమ్మా. పెద్దాయన చీకట్లో చూస్తారా?"

కార్యక్రమం రోజున వేదిక వెలిగిపోయింది. పసుపుపచ్చ దూదిపిల్లలు పట్టుగుడ్డ మీద బారులు తీరి ఉన్నాయి. కిచకిచలు స్పీకర్లోంచి వస్తున్నాయి. పెద్దాయన చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కొక్కదాన్నీ చూస్తూ వచ్చారు. వరస చివర ఆగారు.

"ఇదొక్కటి ఇలా ఉందేం?"

మట్టిరంగు పిల్ల ఒకటి దూదిపిల్లల మధ్య దూరి, పెద్ద లైటు కింద వెచ్చగా కళ్లు మూసుకుని ఉంది. డాక్టరమ్మ వైపు చూశాను. ఆమె కోటు జేబు తెరిచి ఉంది.

మంత్రిగారు బావమరిది వైపు చూశారు. బావమరిది వంగి, పనివాడి కంటితో పరీక్షించాడు. "ఇది మన వర్క్‌షాపుది కాదు బావా. కుట్టే లేదు దీనికి."

పిల్ల ఒళ్లు దులుపుకుంది.

"కదులుతోంది కూడా," అన్నారు పెద్దాయన చిరాగ్గా. "మిగతావాటితో కలవట్లేదు. తీసెయ్యండి."

డాక్టరమ్మ ముందుకొచ్చి దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని జేబులో పెట్టుకుంది. వేదిక దిగుతూ దిగుతూ పక్కనున్న లైటొకటి స్టాండుతో సహా ఊడబీకి, చంకన పెట్టుకుని మేత షెడ్డు వైపు నడిచింది. ఎవరూ ఆపలేదు. పెద్దాయన ఎటు చూస్తే అందరూ అటే చూస్తున్నారు. నేను చూశాను. ప్రెస్‌నోట్‌లో చోటు చాల్లేదు.

పెద్దాయన చప్పట్లు కొట్టారు. వెంటనే మంత్రిగారు, ఆ వెంటనే సభంతా. మంత్రిగారి పదవి మరింత పదిలమైందని వేదిక మీదే తెలిసిపోయింది.

తర్వాత పెద్దాయన బావమరిది భుజం మీద చెయ్యివేసి పక్కకి తీసుకెళ్లారు. నేను దగ్గర్లోనే ఉన్నాను.

"పనితనం బాగుందయ్యా. ఇవి మనిషి సైజులో వస్తాయా?"

"ఎన్ని కావాలన్నా వస్తాయి సార్."

"కూర్చున్నవి కొన్ని, చేతులెత్తినవి కొన్ని ఉండాలి."

"కొలతకి ఒక్క మనిషి దొరికితే రేపే మొదలుపెడతాను సార్."

పెద్దాయన అటూ ఇటూ చూశారు. ఆయన చూపు నా మీద ఆగింది. అందరి చూపూ నా మీదే ఆగింది. బావమరిది జేబులోంచి టేపు తీసి నా భుజాలు కొలవడం మొదలుపెట్టాడు.

నేను కదలకుండా నిలబడ్డాను.