"ఎవరికి" అనే గడి

ఆ శనివారం పొద్దున దివాకర్ పెట్టుకున్న పనులు రెండే. ఇంటి సామాన్ల జాబితా రాజీ కుదిర్చే మీడియేటర్‌కి పంపడం, కూతురు కృతిని కూచిపూడి క్లాసుకి తీసుకెళ్లడం.

దివాకర్, నమ్రత విడాకులు తీసుకుంటున్నారు. న్యూజెర్సీలోని పిస్కాటవేలో ఒకే ఇంట్లో అతను కింద, ఆమె పైన ఉంటూ ఎనిమిది నెలలుగా లాయర్ల ద్వారానే మాట్లాడుకుంటున్నారు. ఇల్లు అమ్మకం, రిటైర్‌మెంట్ ఖాతాలు, పిల్ల ఎవరి దగ్గర ఎన్ని రోజులు ఉండాలన్నదీ తేలింది. సామాన్ల దగ్గర మాత్రం బండి ఆగిపోయింది. సోమవారానికి అదీ తేలకపోతే కేసు ట్రయల్‌కి వెళ్తుంది, ఒప్పుకున్నవన్నీ మళ్లీ మొదటికొస్తాయి. అప్పుడు పదకొండేళ్ల కృతి జడ్జి ముందు కూర్చుని అమ్మ గురించీ నాన్న గురించీ చెప్పాల్సి రావచ్చు. అది మాత్రం ఇద్దరికీ ఇష్టం లేదు.

ఇంకో సంగతి. ఈ విడాకుల కబురు ఊళ్లో ఒక్క తెలుగువాడికీ తెలియదు.

దివాకర్ ఏ పని చేసినా పద్ధతిగా చేస్తాడు. ఆన్‌లైన్ షీట్‌లో అరవై రెండు వస్తువులు, ఒక్కోదానికి ఒక ఫొటో, పక్కన "ఎవరికి" అని ఖాళీ గడి. ఎవరైనా నింపేలా అనుమతి కూడా ఇచ్చాడు. ఆ లింకుని మీడియేటర్‌కి పంపాననుకుని తెలుగు ఫ్యామిలీస్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టి, ఫోన్ సైలెంట్‌లో పడేసి కారెక్కాడు.

గ్రూప్‌లో మూడు వందల మంది. సామాన్ల ఫొటోలతో షీట్ కనిపిస్తే మనవాళ్లకి తోచేది ఒక్కటే, ఊరు వదిలి వెళ్లేవాళ్ల మూవింగ్ సేల్. ధర వెయ్యలేదంటే ఉచితం. ముందు పేరు రాసుకున్నవాళ్లదే వస్తువు. పదకొండు నిమిషాల్లో అరవై ఒక్క గడులు నిండిపోయాయి. పిల్ల చదువుకునే బల్ల పక్కన పేరు రాయడానికి మాత్రం ఎవరికీ చేతులు రాలేదు. ఆ చురుకుదనానికీ ఆ మర్యాదకీ చేతులెత్తి దణ్ణం పెట్టాలి.

రెండు గంటల తర్వాత తండ్రీకూతుళ్లు తిరిగొచ్చేసరికి ఇంటిముందు తొమ్మిది కార్లు, ఒక అద్దె ట్రక్కు. సోఫా సగం గుమ్మం దాటింది. గ్రూప్‌కి పెద్దదిక్కయిన భీమశంకరం ఎదురొచ్చి దివాకర్‌ని కౌగిలించుకున్నాడు.

"ఉద్యోగం పోయిందా బాబూ? మాకు చెప్పొద్దూ! రెజ్యుమె పంపు, నేను రిఫర్ చేస్తా."

"అది కాదంకుల్..."

"ఫికర్ చెయ్యకు అన్నా, కొత్త జాబ్ వెతుక్కోనీకి వీసా మీద అరవై రోజులు టైముంటది," అన్నాడు సోఫా మోస్తున్న పక్కవీధి మోహన్.

నమ్రత నవ్వుతూ అందరికీ కాఫీలు ఇస్తోంది. ఆ నవ్వు ఎలాంటిదో దివాకర్‌కి తెలుసు. ఆమె అతన్ని స్టోర్ రూమ్‌లోకి లాగింది.

"సామాన్లు మాయం చేస్తున్నావా? నా లాయర్‌కి మెయిల్ పెట్టేశాను. సోమవారం ఇంక ట్రయలే."

"ఒట్టు నమ్రతా, పొరపాటున గ్రూప్‌లో పడింది."

"అయితే వెళ్లి వాళ్లకి చెప్పు."

"నువ్వు చెప్పు."

ఎనిమిది నెలల్లో వాళ్లు నేరుగా మాట్లాడుకున్న మొదటి మాటలు అవే. బయటికొచ్చేసరికి భీమశంకరం భార్య వసుమతి వెట్ గ్రైండర్ ఎత్తుకుని వెళ్తోంది.

"అది నాది!" ఇద్దరూ ఒకేసారి అరిచారు.

"ఇద్దరిదీ కదర్రా," అంది ఆవిడ తెల్లబోయి.

"కాదాంటీ," నమ్రత అనేసింది. "మేం విడిపోతున్నాం."

సోఫా నేలకి దిగింది. దివాకర్ తలెత్తలేకపోయాడు. ఇక ఓదార్పులు, నీతిబోధలు మొదలవుతాయని పళ్లు బిగించి నిలబడ్డాడు. వసుమతి గ్రైండర్ దించి చున్నీ నడుముకి బిగించింది.

"అయితే రెండిళ్లు సర్దాలన్నమాట. ఎవరెక్కడికి?"

"నేను జెర్సీ సిటీ. తను ఇక్కడే, అపార్ట్‌మెంట్‌లో," అన్నాడు దివాకర్.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. లాయర్లు నెలల తరబడి తేల్చలేనిది వసుమతి నలభై నిమిషాల్లో తేల్చేసింది. రాసుకున్న పేర్లన్నీ ఎవరివి వాళ్లే చెరిపేసుకున్నారు. "దివాకర్ దోసెల పిండి కొట్లో కొనుక్కుంటాడు, గ్రైండర్ నమ్రతకి. టీవీ అతనికి. మా ఇంట్లో మిక్సీ ఒకటి ఎక్స్‌ట్రా ఉంది, అదీ అతనికే." ఎదురు చెప్పే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది. నమ్రత లాయర్‌కి ఇంకో మెయిల్ పెట్టింది, ఇందాకటిది పట్టించుకోవద్దని.

చివరికి కృతి బల్ల మిగిలింది. షీట్ తెరిచి ఉన్న లాప్‌టాప్‌ని కృతి తన వైపు తిప్పుకుంది.

"నాకు టూ కావాలి ఆంటీ. ఒకటి అమ్మ హౌస్‌లో, ఒకటి నాన్న హౌస్‌లో."

మోహన్ వెళ్లి తన ఇంట్లోంచి ఒక బల్ల తెచ్చి దించాడు. నమ్రత ఏడ్చేసింది. దివాకర్ కూడా ఏడ్చాడు, కానీ వేరే గదిలోకి వెళ్లి.

సోమవారం కృతి స్కూల్లో లెక్కల పరీక్ష రాస్తున్న సమయానికి ఇద్దరూ సంతకాలు పెట్టేశారు. మీడియేటర్ షీట్‌ని పైనుంచి కిందికి రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి, పావుగంట అలాగే కూర్చుండిపోయాడు.

ఆ పావుగంటకి కూడా బిల్లు వేశాడు.