గులాబీ నాచు

తోడికోడలు సాయంత్రం టీకి వస్తోంది. ఆలోగా తన ఉప్పునీటి అక్వేరియంలో రాళ్ళు గులాబీ రంగులోకి రావాలని పెద్దకోడలు పొద్దున్నే నిశ్చయించుకుంది.

చిన్నకోడలి అక్వేరియంలో ప్రతి రాయికీ సున్నపు పెచ్చులా గులాబీ నాచు పట్టింది. అది చూసొచ్చిన దగ్గర్నుంచీ పెద్దకోడలి భర్తకు భోజనాల దగ్గర అదే ఊసు. "ఆ అమ్మాయి రాళ్ళు పూలగుత్తుల్లా ఉన్నాయి. మనవి బోడిగుండ్లు" అన్నాడు నిన్న కూడా. ఆవిడ కూర గిన్నె తిరిగి లోపల పెట్టేసింది.

"నాచు సున్నం తిని పెరుగుతుందమ్మా. ఈ రెండు పొడులూ రోజు మార్చి రోజు చిటికెడు వెయ్యండి. నెలలు పడుతుంది" అని చేపల దుకాణంవాడు చెప్పాడు. ఆవిడకున్నది సాయంత్రం వరకే. రెండు డబ్బాల్లోంచీ సగం సగం ఒకేసారి గుమ్మరించింది.

నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. చేపలు కనపడకుండా పోయాయి.

"పాలెందుకు పోశావే?" అంటూ భర్త పరుగెత్తుకొచ్చాడు.

"మీ పూలగుత్తుల కోసం."

ఆయన చేపల్ని వలతో పట్టి, పక్కన కలిపి ఉంచిన ఉప్పునీళ్ళ బకెట్లోకి మార్చాడు. ఆ హడావుడిలో మోచెయ్యి తగిలి పంపు గొట్టం ఊడింది. తెల్లనీళ్ళు సోఫా మీదికి చిమ్మాయి. చేతికందిన కొత్త దుప్పటి తెచ్చి నేలమీద పరిచాడు. ఆవిడ నోరు తెరిచేలోగా కాలింగ్‌బెల్ మోగింది. చిన్నకోడలు ముందే వచ్చేసింది.

పెద్దకోడలికి తల కొట్టేసినట్టయింది. చిన్నకోడలు మాత్రం తడి దుప్పటి దాటుకుని తిన్నగా అక్వేరియం దగ్గరికే నడిచింది.

"అక్కా, ఈ తెల్లనీళ్ళు చూస్తేనే తెలుస్తోంది, నాచు పట్టకుండా ఏదో మందు వేస్తున్నావు కదూ? నాకు తెలుసు."

"ఎందుకలా అడుగుతున్నావు?"

"నా దాంట్లో అద్దాలకి కూడా పట్టేసింది. లోపల చేపలున్నాయో లేవో దేవుడికే తెలియాలి. గీకి గీకి మణికట్టు పడిపోయింది. మీ మరిదేమో, 'వదిన అద్దం ఎంత తళతళలాడుతుందో చూడు' అంటూ రోజూ ప్రాణం తీస్తున్నారు. ఆ మందేదో నాకూ ఇవ్వవూ?"

పెద్దకోడలికి కడుపు చల్లబడింది.

"అది మందు కాదమ్మా, నాచుకి..." అని భర్త అందుకోబోయాడు.

"మీరు ముందు సోఫా తుడవండి" అంది ఆవిడ. సగం మిగిలిన ఆ రెండు పొడి డబ్బాలకూ మూతలు బిగించి, సంచీలో పెట్టి తోడికోడలి చేతికిచ్చింది. "రోజు మార్చి రోజు చిటికెడే వెయ్యి. నాలా తొందరపడకు. నెలలు పడుతుంది."

నోరు తెరిచి అడిగినవాళ్ళకి లేదనడం ఆవిడకు ఇంటా వంటా లేదు.