వార్డు భాష

ఆ ఉదయం కుర్చీల మేస్త్రీ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి విదేశీ వ్యాపారి వస్తాడు, కుర్చీలు చూస్తాడు, నచ్చితే నలభై కావాలంటాడు. ఈ బేరం కుదరకపోతే నెలాఖరుకు కార్ఖానాకు తాళమే. మాట్లాడడానికి బామ్మర్ది ఉండనే ఉన్నాడు. ఆ దేశంలో రెండేళ్ళు పనిచేసి వచ్చాడు, ఆ భాష అతనికి మంచినీళ్ళ ప్రాయమట. ఎక్కడ పనిచేశాడో అడగాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

వ్యాపారి వచ్చాడు. రెండు రోజుల ప్రయాణంతో కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. బామ్మర్ది ఎదురెళ్ళి, చెయ్యి పట్టుకుని, అతని భాషలో ధారాళంగా ఏదో అన్నాడు. వ్యాపారి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమన్నావురా?" అన్నాడు మేస్త్రీ.

"భయపడకండి, త్వరగానే అయిపోతుంది అన్నాను బావా."

"ఏది అయిపోయేది?"

"ఏమో! నేను పనిచేసిన ఆపరేషన్ వార్డులో అందరికీ అదే చెప్పేవాళ్ళం."

మేస్త్రీకి ఒళ్ళు మండింది. "కుర్చీల గురించి చెప్పి చావరా!"

"కుర్చీ అనే మాట రాదు బావా. అక్కడ ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు."

ఇంతలో మేస్త్రీ భార్య ఫలహారం పళ్ళెం తెచ్చింది. వ్యాపారి ఆశగా చెయ్యి చాచాడు. బామ్మర్ది మర్యాదకు ఇంకో మాట కలిపాడు. చాచిన చెయ్యి వెనక్కి పోయింది.

"అయ్యో, ఏం చెప్పావురా?"

"పొద్దున్నుంచి ఏమైనా తిన్నారా అని అడిగానక్కా. తినకూడదని కూడా చెప్పేశాను. నాకు రెండూ కలిపే వస్తాయి."

"ఇక నోరు మూస్తావా లేదా!" అని మేస్త్రీ అరిచాడు. ఆ అరుపుకు వ్యాపారి హడలిపోయాడు. అతన్ని శాంతపరచాలని బామ్మర్ది తనకు బాగా వచ్చిన వాక్యమే వాడాడు. వ్యాపారి గడియారం, ఉంగరం తీసి బల్లమీద పెట్టి, రెండు చేతులూ పైకెత్తాడు.

"దోచుకుంటున్నాం అనుకుంటున్నాడ్రా! మళ్ళీ పెట్టుకోమని చెప్పు!"

"తీసెయ్యమనడమే వచ్చు బావా. పెట్టుకోమనేది డిశ్చార్జి వాళ్ళు."

ఇక మిగిలింది ఒకే వాక్యం. అదీ అనేశాడు. వ్యాపారి బుద్ధిగా లోపలి గదిలోకి నడిచి, బూట్లు విప్పి, మంచంమీద వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకున్నాడు. మేస్త్రీ తల పట్టుకుని గుమ్మంలో కూలబడ్డాడు. ముప్పై ఏళ్ళు కూడు పెట్టిన కార్ఖానా ఈ వెధవ నోటి మూలంగా పోయిందని ఏడుపొచ్చింది. పది నిమిషాలకు లోపలి నుంచి గురక వినిపించింది.

గంటన్నర తరువాత వ్యాపారి లేచాడు. నడుం అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. మంచం కోళ్ళు తడిమాడు, పట్టెలు కొలిచాడు. గడియారం, ఉంగరం పెట్టుకుని, పళ్ళెంలోది మొత్తం తిన్నాడు. సైగలతో కాగితం అడిగి తీసుకుని మంచం బొమ్మ గీసి, పక్కన నలభై అని అంకె వేసి సంతకం పెట్టాడు. కుర్చీలవైపు కన్నెత్తి కూడా చూడలేదు.

"చూశావా బావా! మన పంట పండింది" అన్నాడు బామ్మర్ది.

మేస్త్రీ జన్మలో ఒక్క మంచం చేసిన పాపాన పోలేదు. దాన్ని చేసింది ఎదురు దుకాణం వడ్రంగి; అతనితో మేస్త్రీకి రెండేళ్ళుగా మాటల్లేవు.