పరగడుపు కాపలా

ఆ ఉదయం జగ్గారావు వేసుకున్న పథకం చాలా చిన్నది. బావ వరహాలును పరగడుపున ఆసుపత్రికి తీసుకెళ్ళి నెత్తురు పరీక్ష చేయించడం, అంతే. కాలి పుండు మాని వరహాలు ఇంటికొచ్చాడు గానీ, షుగరు అదుపులో ఉందని తేలితే తప్ప డాక్టరు ఫిట్ కాగితం ఇవ్వడు. ఆ కాగితం లేనిదే పోర్టులో డ్యూటీకి రానివ్వరు. కిందటిసారి దారిలో ఎవరో పెట్టిన ఇడ్లీ తిని వెళితే, ల్యాబులో గుమ్మంలోంచే తిప్పి పంపేశారు.

"ఈసారి మంచినీళ్ళు తప్ప ఇంకోటి నీ నోట్లో పడిందా, ఊరుకోను బావా!" అన్నాడు జగ్గారావు.

కానీ ఆసుపత్రి నుంచి బతికొచ్చిన మనిషి తమ గుమ్మం ముందునుంచి ఒట్టినోటితో వెళితే మల్కాపురంలో ఏ ఇంటికైనా నామర్దాయే. వీధి మలుపులోనే వరహాలు అప్ప చిలకమ్మ ఉప్మా గిన్నెతో అడ్డం వచ్చింది.

"నా సేతి ముద్ద తినకుండా ఎల్లిపోతావేట్రా తమ్ముడా?"

"తినకూడదొదినా! నెత్తురు పరీచ్చ!"

"అంటే, నానేటి ఇసం కలిపేనా?" చిలకమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

జగ్గారావుకు ఒళ్ళు మండిపోయింది. గిన్నె లాక్కుని, "బావ బదులు నాను తింటాను, సాలా?" అంటూ నిలబడే ఖాళీ చేశాడు.

అక్కడే కొంప మునిగింది. పక్కింటి నూకాలు చూడనే చూసింది. "సిలకమ్మ ఉప్మా పనికొచ్చింది గానీ నా పరమాన్నం పనికిరాదేటి?" అని నిలదీసింది. అదీ తిన్నాడు. బస్టాపు దగ్గర టీకొట్టు షరీఫ్, పాత స్నేహితుడు బతికొచ్చిన సంతోషంలో తియ్యటి బన్నూ, మీగడ టీ తెచ్చాడు. అవీ జగ్గారావు పొట్టలోకే పోయాయి.

"బన్ను ఎలాగుంది జగ్గా?" గుటకలు మింగుతూ అడిగాడు వరహాలు.

"నోరు ముయ్యి బావా! నీ కోసం సత్తన్నాను!"

ల్యాబు చేరేసరికి జగ్గారావు చెమటలు కక్కుతూ, పొట్ట పట్టుకుని, చేతిలో పరీక్ష చీటీతో బెంచీమీద వాలిపోయాడు. వరహాలేమో నూనె రాసిన జుట్టూ, ఇస్త్రీ చొక్కాతో పెళ్ళికొడుకులా నిలబడ్డాడు. సూదితో వచ్చినతను ఇద్దరి మొహాలూ చూసి, జగ్గారావు చెయ్యి పట్టుకున్నాడు.

"నాను కాదండీ!"

"సూది చూస్తే అందరూ ఆ మాటే అంటారు," అని గుచ్చేశాడు.

జగ్గారావు అరుపులకు వరండా అంతా పోగయింది. "రోగినొదిలేసి తోడొచ్చినోడికి పొడుత్తారా! నాను బియ్యే సదివేను! ఎవరనుకున్నారు?"

అతను కంగారుపడి, వరహాలుకూ నెత్తురు తీశాడు. "మీది పారబోసేస్తాన్లెండి," అని సర్దిచెప్పబోయాడు.

"నా నెత్తురు పారబోత్తారా! అన్నాయంగా తీసీసి? కుదర్దు! నాదీ పరీచ్చ సెయ్యండి!"

చేశారు.

సాయంత్రం డాక్టరు వరహాలు కాగితం చూసి, షుగరు అదుపులోనే ఉందని ఫిట్ రాసిచ్చాడు. తర్వాత రెండో కాగితం చూసి, "ఇదెవరిది?" అన్నాడు.

"నాదేనండీ. తినొచ్చినోడికి దౌర్జన్యంగా తీసేరండీ!"

"తియ్యడం మంచిదైంది. తిని వచ్చినా ఇంత షుగరు ఉండకూడదు. రేపు పరగడుపున రండి."

మర్నాడు రెండో షిఫ్టుకు ముందు బావమరిదికి కాపలాగా బయల్దేరిన వరహాలు, వీధి మలుపులో చిలకమ్మ కనపడగానే ఉప్మా గిన్నెకు తనే చెయ్యి చాపాడు.