రాణిగారి మెట్టు మీద కూర్చోకూడదు

పర్యాటకులు మా ఊరికి పట్టిన అదృష్టం. కాదన్నవాణ్ణి కోట గోడ మీంచి సరస్సులోకి తోసేయాలి. తోసేముందు ఆగాలి. ఇప్పుడు మా ఊళ్లో ఫొటో తీయనిదే ఏదీ జరగదు.

ఒకప్పుడు ఇక్కడ ఏముంది? చుట్టూ కోట గోడ, పక్కన సరస్సు, మధ్యలో మేము. ఇప్పుడు గోడ హెరిటేజ్ అయింది, సరస్సు వ్యూ అయింది, మేము అడ్డమయ్యాం. ఇంతకన్నా అభివృద్ధి ఎక్కడుంటుంది?

మా కిటికీ సంగతే చూడండి. మా ఆవిడ పోయాక పలకరించే దిక్కు లేదు. ఇప్పుడు తెల్లారేసరికి ఎవరో ఒకరు ఊచల్లోంచి తొంగిచూసి, "లోపల మనిషున్నాడు" అని వెనకవాళ్లకి చెబుతారు. నేను బతికే ఉన్నట్టు రోజూ రుజువవుతోంది. మొన్న గడ్డం గీసుకుంటుంటే ఒకావిడ కాస్త వెలుగులోకి జరగమంది. జరిగాను. మర్యాద తెలిసినవాణ్ణి.

చెప్పులు కుట్టే కొట్టు కాఫీ షాపయింది. చెప్పు తెగితే ఒక కాఫీ తాగి కుంటుకుంటూ ఇంటికి పోవచ్చు. మందుల కొట్టులో ఫ్రిజ్‌కి అంటించే బుల్లి కోటలు అమ్ముతున్నారు. జ్వరమొస్తే నుదుటికి అంటించుకోవాలి కాబోలు.

అన్నిటికన్నా గొప్పది రాణిగారి మెట్టు. కోట వెనక, నీళ్లలోకి దిగేచోట ఉంది. యుద్ధానికెళ్లిన రాజు కోసం రాణి దాని మీదే కూర్చుని ఎదురుచూసిందట. ఆవిడ కన్నీళ్లకి రాయి గుంటపడిందట. ఎంత ఏడుపు ఏడిస్తే రాయి గుంటపడాలి! జనం ఆ గుంటలో వేలు పెట్టి కళ్లు తుడుచుకుంటున్నారు.

ఆ మెట్టు వేసింది నేను. తాపీమేస్త్రీని. బట్టలు ఉతకడానికి దిగినప్పుడల్లా మా ఆవిడ బురదలో జారిపడుతుంటే, గోడ నుంచి రాలిన రాయి తెచ్చి పరిచాను. గుంట ఆవిడ కత్తి నూరగా నూరగా పడింది. ఎదురుచూడటం మాత్రం నిజం. అవతలి ఒడ్డున పని ముగించుకుని ఆలస్యంగా వస్తే, అక్కడే కూర్చుని, నేను పడవ దిగకముందే తిట్లు మొదలుపెట్టేది.

ఈ రాణి కథ అల్లిన గైడు స్వయానా మా బామ్మర్ది. ఆ రోజు రాయికి అటు చివర పట్టుకున్నది వాడే. నిలదీశాను.

"రాణి అంటే జనం వస్తారు బావా. మా అక్క అంటే ఎవడొస్తాడు?"

"నేనొస్తాను కదరా."

"నువ్వు టికెట్ కొనవుగా."

నిజమే. అందుకే మెట్టు చుట్టూ తాడు కట్టారు. సాయంత్రమైతే నేను కూర్చునే చోటు అదొక్కటే. కాపలా ఆయన మంచివాడు. "పెద్దాయనా, రాణిగారి చోటండీ, లేవండి" అంటాడు. మా ఆవిడ కూడా నన్నెప్పుడూ ఇంత మర్యాదగా లేపలేదు.

నిన్న టికెట్ కొని గుంపులో నిలబడ్డాను. బామ్మర్ది నన్ను చూసి తడబడి, వెంటనే సర్దుకున్నాడు. "రాజు మాత్రం తిరిగి రాలేదు" అన్నాడు, గొంతు వణికిస్తూ.

"వచ్చాడురా. రోజూ వస్తున్నాడు. కూర్చోనివ్వండ్రా" అన్నాను.

జనం చప్పట్లు కొట్టారు. నాటకమనుకున్నారు. దాంతో వాడి బుర్ర వెలిగింది. ఇకనుంచి సాయంత్రం షోకి నన్ను రాజుగా రమ్మంటున్నాడు. అట్ట కిరీటం వాడే ఇస్తాడట.

"మెట్టు మీద కూర్చోవచ్చా?" అనడిగాను.

"రాజు వచ్చేసరికి రాణి ఉండదు బావా. నువ్వు పక్కన నిలబడి ఏడవాలి."

ఏడవడం నాకు చేతకాదని చెప్పాను.

నేర్పిస్తాడట.