కాళ్లు లేని బల్ల ఎటు నడిచింది?

"మిలానోలో ఇంకా నేరాలు జరుగుతున్నాయంటే, వాటి జోలికి నేనింకా పోలేదని అర్థం!" అని ప్రకటించాడు ఫుల్జెన్సియో మామయ్య, తడి గొడుగును కత్తిలా ఎత్తి.

ట్రాముల్లో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. దొంగను కళ్లు చూసే పట్టేస్తానంటాడు. పట్టుకున్నది మాత్రం ఎప్పుడూ పాసులున్న ముసలమ్మలనే.

మేనకోడలు ఒర్నెల్లాకు నవ్వు రాలేదు. ఫర్నిచర్ పండగ వారమంతా ఆ పాత భవనం నిండా ప్రదర్శనలే. తన బల్ల పొద్దుటినుంచి కనబడడం లేదు. మూడేళ్లపాటు చెక్కి, తగ్గించి, చివరికి కాళ్లు కూడా తీసేసి వాల్‌నట్ చెక్క పలక ఒక్కటే మిగిల్చింది. నేలకు నాలుగు వేళ్ల ఎత్తు. సాయంత్రం విమర్శకురాలు లవీనియా వస్తుంది. ఆవిడ తలూపితే బల్ల ఫ్యాక్టరీలో తయారవుతుంది, లేదంటే ఒర్నెల్లా మళ్లీ ఎవరి బీరువాలకో పిడులు గీసుకోవాలి.

"ఏడవకే పిల్లా. ఇది అంతర్జాతీయ ముఠా పని!" అంటూ మామయ్య పక్కగదిలో ప్రదర్శన పెట్టిన తాంక్రెదీ మీద పడ్డాడు. "పొద్దున ఏం చేస్తున్నావోయ్?"

"నా బల్ల వెతుక్కుంటున్నానండీ."

"నీదీ పోయిందా?"

"పోలేదండీ. గాజు పలక కదా, కనబడదు."

మామయ్య జాలిపడి ఒకడుగు ముందుకేశాడు. ఫెళ్లుమంది.

"ఇప్పుడు కనబడుతోంది," అన్నాడు తాంక్రెదీ ఏడుపు గొంతుతో.

మామయ్య నిలదీస్తే భవనం కాపలామనిషి పియెరీనా అయితే చీపురు కూడా దించలేదు. "బల్లలా? ఇక్కడ బల్లలెక్కడున్నాయి నాయనా? ఏడాదికో వారం నా ప్రాణానికి ఈ గోల!"

సాయంత్రమైంది. ద్రాక్షసారా గ్లాసులు పెట్టుకోవడానికి చోటు లేక అతిథులంతా చేతుల్లోనే పట్టుకుని నిలబడ్డారు. బల్లల ప్రదర్శన కదా మరి! అప్పుడే నల్లకోటు వేసుకుని, చంకలో ఒక వెడల్పాటి సంచితో లవీనియా గుమ్మంలోకి వచ్చింది.

"ముఠా నాయకురాలు! సంచిలో బల్ల!" అని అరుస్తూ మామయ్య దూకాడు. గుమ్మం ముందు నీటిగుంట మీద వేసిన చెక్క మీద కాలు జారి, గుంటలో వెల్లకిలా పడ్డాడు. చెక్క ఎగిరి బోర్లా పడింది. అడుగున కాల్చి రాసిన పేరు: ఒర్నెల్లా.

"అయ్యో నా చెక్క! మూల ఊరికే పడుంటే, మీ బూట్లు తడవకుండా నేనే వేశాను," అంది పియెరీనా, దాన్ని మళ్లీ తిరగేస్తూ.

పొద్దుటినుంచి ఒర్నెల్లా కూడా దానిమీదుగానే తిరిగింది. తను చేసిన బల్లను తనే గుర్తుపట్టలేదు! సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. మామయ్య మాత్రం గుంటలోంచే చెయ్యెత్తాడు. "కేసు తేలిపోయింది!"

లవీనియా కళ్లజోడు సవరించుకుని, వంగి బల్ల మీది బురద అడుగులను చూసింది.

"తుడిచేస్తానండీ," అంది ఒర్నెల్లా.

"ముట్టుకోకు! నేలకూ బల్లకూ ఉన్న తగువు ఇన్నాళ్లకు తీర్చావు," అని లవీనియా తలూపింది. చప్పట్లు మోగాయి. తాంక్రెదీ గబగబా తన గాజుముక్కలు తెచ్చి వరసగా పేర్చసాగాడు.

"కాకపోతే," అంది లవీనియా, "బురద కాస్త ఎక్కువైంది. సగం తీసెయ్."

ఒర్నెల్లాకు ఒళ్లు మండిపోయింది. మూడేళ్ల పని ఆవిడ కంటికి ఆనలేదు, బురద ఆనింది. కానీ బీరువా పిడులు గుర్తొచ్చాయి. పియెరీనా చేతిలోని గుడ్డ అందుకుని మోకాళ్ల మీద కూర్చుంది.

"ఏ సగమండీ?"