బామ్ని ఎండలో ఓడ సూటు

ఆ శుక్రవారం పొద్దున సారక్క వేసుకున్న పథకం చాలా చిన్నది. అన్న బాపురావు రాజురా నుంచి పదింటికల్లా వస్తాడు. ఆయనకు ఇష్టమని జొన్నరొట్టె, వంకాయ కూర, పచ్చిపులుసు చేసి పెడుతుంది. తిన్నాక అన్న తన భర్త పోశం పక్కన కూర్చుని నాలుగు మంచి మాటలు చెబుతాడు. పోశం కరిగి, కూతురితో "పోయి రా బిడ్డా" అంటాడు. సాయంత్రం ఉజ్వల బల్లార్షాలో ముంబై రైలు ఎక్కుతుంది. అంతే. ఈ పథకంలో పులి ఎక్కడా లేదు.

ఉజ్వల మెరైన్ ఇంజనీరింగు పూర్తి చేసింది. ఒక సరుకు ఓడలో, ఇంజన్ రూములో పని దొరికింది. ఎల్లుండి ముంబైలో ఓడ ఎక్కకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. ఇంట్లో అడ్డు ఒక్క పోశమే. అలాగని ఆయన వద్దనలేదు. వద్దంటే పోట్లాడవచ్చు. పక్షం రోజులుగా ఆయన "చూద్దాం" అంటున్నాడు. తండ్రి నోటిమాట లేకుండా గడప దాటనని ఉజ్వల మొదట్లోనే చెప్పేసింది. చెప్పాక నాలుక కరుచుకుంది కానీ, ఆ పిల్లదీ తండ్రి పోలికే. ఒకసారి ఆడిన మాట వెనక్కి తీసుకోదు.

పోశం బొగ్గు గనిలో సర్దారుగా చేసి రిటైరైనవాడు. షిఫ్టు మొదలయ్యే ముందు సర్దారు ఒక్కడే లోపలికి పోయి, కర్రతో గని కప్పును కొట్టి, చప్పుడు విని, గట్టిగా ఉందని నమ్మకం కుదిరాకే కూలీలను పిలవాలి. ఆ పని చేసి చేసి ఆయనకు ఒక గుణం పట్టుకుంది. తాను ముందు దిగి చూడని చోటికి ఎవరినీ పంపడు. కొత్త మంచం కొంటే తాను ఒక రాత్రి పడుకుని లేచాకే దాని మీద అత్తగారిని కూర్చోనిచ్చాడు. మంచమైతే సరే. సముద్రంలో ముందుగా దిగి చూద్దామంటే చంద్రపూర్ జిల్లాలో అది ఎక్కడా దొరకదు.

"గనిల దిగితె నెత్తిమీద నేలుంటది బిడ్డా," అన్నాడు ఆ పొద్దున కూడా, చాయ్ సాసర్లో పోసుకుంటూ. "ఓడల దిగితె చుట్టూత నీళ్లే. ఏదన్న అయితె ఏ తొవ్వల బయటికొస్తవ్?"

"ఇంజన్ రూం అడుగుకెల్లి డెక్కు దాక వేరే నిచ్చెన ఉంటది బాపూ. చుట్టూ నిప్పు అంటని గోడలు. అండ్లకెల్లి ఎక్కుడు నెలనెలా నేర్పిస్తరు," అంది ఉజ్వల తండ్రితో.

"డెక్కు మీదికొచ్చినవ్. ఆడికెల్లి?"

"ఆడికెల్లి లైఫ్‌బోటు. నీళ్లల్ల దుంకాల్సొస్తె ఇగో, గీ సూటు."

సూటును సీనియర్ ఒకామె ఇచ్చింది. కాలం చెల్లిందని ఓడ నుంచి తీసేసినది, ప్రాక్టీసుకు పనికొస్తుందని ఉజ్వల తెచ్చుకుంది. మంచుకడలిలో పడ్డా మనిషి తేలేలా, ఒంటి వేడి బయటికి పోకుండా, నీటి చుక్క లోపలికి రాకుండా కుట్టిన నారింజ రంగు దళసరి రబ్బరు తొడుగు అది. కాళ్లకు బూట్లు, చేతులకు గ్లౌజులు, తలకు ముసుగు అన్నీ అందులోనే అతికి ఉంటాయి. కళ్లూ ముక్కూ నోరూ మాత్రం బయటికి కనిపిస్తాయి. ఎవరి సాయం లేకుండా రెండు నిమిషాల్లో తొడుక్కోవాలి. ఉజ్వల తొడుక్కుని చూపించింది, విప్పింది, నేల మీద పరిచింది.

"గిట్లనే ఉండనియ్యి బాపూ, వచ్చినంక మడత పెడత," అని, ప్రయాణానికి చిల్లర సామాన్ల కోసం స్కూటీ మీద బల్లార్షా వెళ్లింది.

పోశం సూటు వంక చూశాడు. సూటు కప్పు వంక చూస్తూ పడుకుని ఉంది. సారక్క వంటింట్లో రొట్టె కొడుతోంది. నాలుగో రొట్టె పెనం మీద వేసేసరికి ముందుగదిలోంచి "ఏమే" అన్న పిలుపు వచ్చింది. ఏదో బిందెలోంచి పిలిచినట్టుంది.

వచ్చి చూసిన సారక్క చేతిలో అట్లకాడ అట్లాగే ఉండిపోయింది. గది మధ్యలో నారింజ రంగు మనిషి నిలబడి ఉన్నాడు. మీసం ఒక్కటే గుర్తు పట్టగలిగింది.

"ఏందయ్యా గిది!"

"బిడ్డ ఏసుకునేది నేను ఏసుకొని చూడద్దా? మంచిగనే ఉంది. జిప్పే కిందికి వస్తలేదు."

మే నెల. పొద్దున తొమ్మిదికే గోడలు చేయి పెట్టనివ్వడం లేదు. మంచుకడలి కోసం చేసిన సూటులో పోశం ముఖం వంకాయలా నిగనిగలాడుతోంది. సారక్క జిప్పు పట్టుకు లాగింది. గోడకు కాలు తన్నిపెట్టి లాగింది. జిప్పు గడ్డం కింద అతుక్కుపోయి ఉంది. కొబ్బరినూనె డబ్బా తీస్తూ కూతురికి ఫోన్ చేసింది.

"నూనె పుయ్యకు అమ్మా, రబ్బరు పాడైతది!" అని ఉజ్వల అరిచింది. "గా జిప్పుకు మైనం రాయాలె. కొవ్వొత్తి పట్టుకొని జల్ది వస్త. అప్పటిదాక బాపును నీడకు కూసోబెట్టు, మొకం మీద తడిగుడ్డ ఏస్తుండు. మరీ ఉక్కపోస్తె కత్తెరతోని కోసెయ్యి, సూటు పోతె పోయింది."

సారక్క కత్తెర తెచ్చింది. పోశం రెండడుగులు వెనక్కి వేశాడు.

"కత్తెర పెడితె ఊకోను. ప్రాణం కాపాడే సామాను అది. హెల్మెట్ల ఉల్లిగడ్డలు తెచ్చుకున్నడని ఒకన్ని షిఫ్టుకెల్లి ఇంటికి పంపినోన్ని నేను."

ఆ సమయంలో వాకిట్లో మోటారు సైకిల్ ఆగింది. "చెల్లే!" అని బాపురావు గొంతు వినిపించింది. పదింటికి రావలసినవాడు తొమ్మిదింపావుకే వచ్చాడు.

పోశం ముఖంలో ఉన్న రంగు కూడా పోయింది. "మీ అన్న గిట్ల నన్ను చూసిండంటె మాపటికల్లా రాజురా అంత తెలుస్తది," అని, వీలైనంత వేగంగా, అంటే బాతులా, వెనక గుమ్మంలోంచి పెరట్లోకి నడిచాడు. పెరట్లో పాత పశువుల కొట్టం ఉంది. పశువులు లేవు, జొన్నచొప్ప మాత్రం ఉంది. ఆ చొప్ప వెనక నీడలో చతికిలబడ్డాడు.

"బావ ఏడి?" అన్నాడు బాపురావు, మంచం మీద కూర్చుంటూ.

"గిప్పుడే బయటికి పోయిండన్నా, వస్తడు," అంది సారక్క. అబద్ధం కాదు కదా అనుకుంటూ, తడిగుడ్డ కొంగు కింద దాచి పెరటి వైపు రెండడుగులు వేసింది.

సరిగ్గా అప్పుడు పక్కింటి డాబా మీద వడియాలు పెడుతున్న సత్తమ్మ ఇటు తిరిగింది. ఆమెకు కనిపించిందల్లా చొప్ప సందుల్లోంచి నారింజ రంగు వీపు ఒకటి, మెల్లగా పైకీ కిందికీ, ఆయాసపడుతూ.

"వదినె! కదలకు!" అని కేక పెట్టింది. "మీ కొట్టంల పులి ఉన్నది!"

వేరే ఊళ్లో అయితే ఈ మాటకు నవ్వేవారు. బామ్నిలో నవ్వరు. ఆ చుట్టుపక్కల పులి తిరగడం కొత్త కాదు. కిందటేడు ఒక దూడ పోయింది. సారక్క నిజం చెప్పబోయింది. చెబితే అన్న వింటాడు. అన్న వింటే రాజురా వింటుంది. తానే నవ్వులపాలైన మనిషి ఆ తర్వాత అన్న మాటకు కరిగి "పోయి రా" అంటాడా? ఈ ఆలోచనకు పట్టింది ఒక్క క్షణమే. ఆ క్షణంలోనే సత్తమ్మ సందు చివర పొలమున్న కుర్రాడు మధుకర్‌కు ఫోన్ చేసింది, మధుకర్ ఊరి వాట్సాప్ గుంపులో పెట్టాడు, బాపురావు మంచం మీద నిలబడ్డాడు.

కాసేపటికి పెరటి గోడ అవతల కర్రలు, డబ్బాలు పట్టుకుని జనం. చెక్‌పోస్టు దగ్గరున్న అటవీ శాఖ జీపు కూడా వచ్చేసింది. గార్డు ఒకతను మత్తుమందు సూది తుపాకీ సవరించుకుంటున్నాడు. తుపాకీ చూడగానే సారక్క పరువు సంగతి మరిచిపోయింది.

"పులి కాదు సాబ్! మా ఇంటాయన!"

"ఆ?"

"మా ఆయన! ఓడ సూటు ఏసుకున్నడు!"

గార్డు ఆమెను జాలిగా చూశాడు. బామ్ని నుంచి ఏ సముద్రానికి పోవాలన్నా ఒక పగలూ ఒక రాత్రీ రైలు ప్రయాణం. "భయంతోని చెల్లెకు మతి పోయింది," అని బాపురావు మంచం మీంచే అందరికీ వివరించాడు. "బావ పొద్దుగాలనే బయటికి పోయిండు. గామెనే చెప్పింది."

మధుకర్ డబ్బా మీద కర్రతో దడదడ కొట్టాడు. "వాఘ్! వాఘ్! పులీ!"

తర్వాత పోశం చెప్పిన దాన్ని బట్టి, ముసుగులో తన ఆయాసమే హోరెత్తి ఆయనకు అంతవరకు ఏమీ వినపడలేదు. వినపడిన మొదటి మాట అదే. పులి. తాను కూర్చున్నది చీకటి కొట్టంలో. వెనక ఏదో చొప్ప కదిలింది. కదిలింది ఆయన మోచేయే కానీ, ఆ దళసరి రబ్బరులో ఎవరి మోచేయి ఎవరిదో తెలియదు. ఆయన లేచి, చొప్పనంతా వెంట వేసుకుని, పెరటి తలుపు తోసుకుని జనం ఉన్న వైపు పరుగెత్తాడు. పులి వస్తే మనుషుల మధ్య ఉండాలన్నది ఆయన ఆలోచన.

జనం ఆలోచన వేరు. వాళ్లు పారిపోయారు.

పోశం వెనక్కి తిరిగి చూడలేదు. ఇంతమంది ఇంతగా పరుగెత్తుతున్నారంటే పులి తన వెనకే ఉందని ఆయనకు రూఢి అయింది. ఇంకా వేగంగా పరుగెత్తాడు. అది చూసి జనం ఇంకా వేగంగా పరుగెత్తారు. అందరికన్నా ముందు బాపురావు, ఒక కాలికి చెప్పుతో. అందరికన్నా వెనక గార్డు, గురి పెడదామంటే ముందంతా ఊరివాళ్లే. వాళ్ల వెనక తడిగుడ్డ పట్టుకుని సారక్క.

"వదినె!" అని సత్తమ్మ డాబా మీంచి చెబుతోంది. "మీ పులి రెండు కాళ్ల మీద ఉరుకుతున్నదే!"

సందు దాటి మధుకర్ పొలం. పొలంలో ప్లాస్టిక్ పరిచి నీళ్లు నింపుకున్న లోతైన కుంట. జనం కుంటకు ఇరువైపులా చీలిపోయారు. పోశం గట్టు మీద ఆగి, ఎట్టకేలకు, పులి ఎంత దూరంలో ఉందో చూద్దామని వెనక్కి తిరిగాడు. మధుకర్‌కు మీసం కనిపించింది.

"అరే బాప్ రే! పోశం కాకా!"

ఆ మాట పూర్తి కాకముందే బూటు ప్లాస్టిక్ మీద జారింది. పోశం నేరుగా కుంట మధ్యకు పోయాడు.

సారక్క జనాన్ని తోసుకుని గట్టు మీదికి వచ్చింది. ముప్పై ఏళ్లు భూమి కింద పనిచేసినవాడు, ఈత అంటే ఏమిటో తెలియనివాడు. కూతురు ఓడెక్కడం సంగతి తర్వాత, ఈయన కుంటలోంచి బయటికొస్తే చాలునని మొక్కుకోబోయింది. ఏ దేవుడికో తేల్చుకునేలోపే నీళ్లు రెండుగా చీలి, నారింజ రంగు పొట్ట ఒకటి పైకి లేచింది. దాని వెనక ముఖం. పోశం వెల్లకిలా తేలుతున్నాడు. కాళ్లు ఆడించలేదు, చేతులు ఆడించలేదు. మంచం మీద పడుకున్నట్టు తేలుతున్నాడు.

స్కూటీ పొలం గట్టున పడేసి ఉజ్వల పరుగెత్తుకొచ్చింది, చేతిలో కొవ్వొత్తుల పొట్లంతో.

"బాపూ! కదలకు! గట్లనే ఉండు! ఏం కాదు!"

"నేనేడ కదులుతున్న," అన్నాడు పోశం ఆకాశంతో.

"చల్లగున్నదా?"

"ఏం చల్లగ! చుట్టూత కుంటెడు నీళ్లు, లోపల నేను ఉడుకుతున్న. ఒక్క చుక్క వస్తె కద!" ఆ మాట ఆయనకే కొత్తగా వినిపించినట్టుంది. తల కాస్త అటూ ఇటూ తిప్పి తన ఒంటిని తానే చూసుకున్నాడు. "బిడ్డా... ఒక్క చుక్క రాలే."

"రాదు బాపూ. గందుకే చేసింది."

"కాలం అయిపోయిందని తీసేసిన సూటే కద గిది?"

"అవ్ బాపూ."

"పాతదే గిట్లుంటె..." అని పోశం ఆలోచనలో పడ్డాడు. ఊరంతా గట్టు మీద నిలబడి ఆయన ఆలోచన పూర్తయ్యేదాకా ఆగింది. గార్డు తుపాకీ దించి, జేబురుమాలుతో ముఖం తుడుచుకున్నాడు.

ఈ లోపు బాపురావు ఊపిరి కూడదీసుకున్నాడు. మేనకోడలి పక్షాన మాట్లాడడానికని వచ్చిన మనిషి చెల్లెలి చెవి దగ్గరికి వంగి అన్నాడు. "చెల్లే, నా మాట విను. ఓడ లేకుండనే గింతైంది. ఓడ కూడ ఉంటె ఎట్లుంటదో! పిల్లను పంపకుండ్రి."

నీళ్ల మీద మాట బాగా పారుతుంది. పోశం విన్నాడు.

"ఏం మాట్లాడుతవ్ బాపురావూ? నువ్వు దిగి చూసినవా? నేను దిగి చూసిన." ముసుగులోంచి గొంతు కుంటంతా వినిపించింది. "పోయి రా బిడ్డా. కొత్త సూటే ఇయ్యమను. జిప్పుకు మైనం రాసిండ్రో లేదో ఎక్కంగనే నువ్వే చూసుకో, ఎవలు చూసిండ్రన్నా నమ్మకు."

ఉజ్వల కళ్లు తుడుచుకుంది. సారక్క తడిగుడ్డతో ముందు తన ముఖం తుడుచుకుంది.

గార్డు వల విసిరాడు. పులికని తెచ్చిన వల పోశంకు సరిగ్గా సరిపోయింది. నలుగురు పట్టి గట్టు మీదికి లాగారు. ఉజ్వల జిప్పు పొడవునా కొవ్వొత్తి రుద్దింది. రెండోసారి లాగేసరికి జిప్పు మెత్తగా దిగివచ్చింది. లోపలి లుంగీ, బనియను పిండితే ధార కట్టాయి. అదంతా ఆయన సొంత చెమటే. మధుకర్ చెంబుతో మజ్జిగ తెచ్చాడు. మూడో చెంబు దగ్గర పోశం ముఖానికి రంగు వచ్చింది.

మధ్యాహ్నం అందరూ కూర్చుని జొన్నరొట్టె తిన్నారు. బాపురావు తల వంచుకుని ఎక్కువే తిన్నాడు. సాయంత్రం రైలు కదిలే ముందు ఉజ్వల కిటికీలోంచి అడిగింది.

"బాపూ, సూటును ఏం చేద్దాం? ఎవలికన్న ఇచ్చెయ్యి."

"ఉండనియ్యి," అన్నాడు పోశం, ఎటో చూస్తూ. "వానకాలం వార్ధా నది పొంగుతది. ఎప్పుడెట్లుంటదో."

వానలకు ఇంకా నెల ఉంది. ఆ ఏడు బామ్నిలో మబ్బుల కోసం అందరికన్నా ముందు ఎదురుచూడడం మొదలుపెట్టినవాడు సెంటు పొలమైనా లేని పోశమే.